45వ కీర్తన: రాజు వస్త్రాల మీద గోపరసం, అగరు, లవంగిపట్ట – అర్థం ఎలా చెప్పాలి?

గాజువాక చెల్లి | సోమవారం రాత్రి 9:12

అందరికీ వందనాలు. వచ్చే శనివారం మా స్త్రీల సమాజంలో 45వ కీర్తన మీద నన్ను వాక్యం చెప్పమన్నారు. ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోయాను. "నీ వస్త్రములెల్ల గోపరస వాసనే అగరు వాసనే లవంగిపట్ట వాసనే." దీనికి చిన్నప్పటి నుంచి వింటున్న వివరణ ఒకటుంది. గోపరసం చేదు కాబట్టి ఆయన శ్రమ, అగరు ఆయన సమాధి, లవంగిపట్ట స్వస్థత. మూడు వాసనలు, మూడు అంశాలు, ప్రసంగం సిద్ధం.

కానీ కీర్తన మొదటి నుంచి చదివితే అది రాజుగారి పెళ్లి పాట. నడుముకి కత్తి, దంతపు నగరులు (అంటే రాజభవనాలు), తంతివాద్యాలు, ఓఫీరు దేశపు అపరంజితో రాణి. ఇంత పెళ్లి సందడిలో సమాధి మాట ఎలా వచ్చింది? ఆ అర్థాలు వాక్యంలో ఉన్నవేనా, మనం తెచ్చి పెట్టినవా? ఇంకొకటి, ఈ మూడు వస్తువులూ అసలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లు చెప్పండి. నేను చూడనిదాని గురించి అరగంట మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

మర్రిపాలెం బ్రదర్ | సోమవారం రాత్రి 9:40

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. సందేహం అక్కర్లేదు. హెబ్రీ పత్రిక 1:8, 9 చూడండి. ఇదే కీర్తనలోని ఆరు, ఏడు వచనాలు తీసుకుని "కుమారునిగూర్చి" అని రాశారు. దేవుని వాక్యమే చెప్పాక ఇది సొలొమోను పెళ్లి పాట అని వెనక్కి వెళ్లడం ఎందుకు? ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ గారు తన కీర్తనల వ్యాఖ్యానంలో ఈ మాట గట్టిగానే అన్నారు. ఇందులో సొలొమోనునే చూసేవాళ్లకి దూరపు చూపు లేదట, ఇద్దరినీ చూసేవాళ్లది మెల్లకన్నట, సరిగ్గా చూసేవాళ్లకి యేసు ఒక్కరే కనిపిస్తారట.

సమాధి ఎలా వచ్చిందంటారా, యోహాను 19:39. యేసు దేహాన్ని సమాధి చేయడానికి నికోదేము తెచ్చింది బోళం, అగరు. ఈ కీర్తనలో గోపరసం అన్నదీ కొత్త నిబంధనలో బోళం అన్నదీ ఒకటే పదార్థం. ఆయన పుట్టినప్పుడు జ్ఞానులు తెచ్చినవాటిలో బోళం ఉంది. సిలువ దగ్గర బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోతే పుచ్చుకోలేదు. సమాధిలో మళ్లీ బోళం. తొట్టి నుంచి రాతి సమాధి దాకా ఆ వాసన ఆయన్ని వదల్లేదు. ఇది యాదృచ్ఛికం అంటే నేను ఒప్పుకోను.

ఎంవీపీ విద్యార్థి | సోమవారం రాత్రి 10:25

చర్చి చరిత్ర చదువుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ఈ రాజు మెస్సీయ అని మొదట అన్నది క్రైస్తవులు మాత్రమే కాదు. యూదుల తర్గూము, అంటే హెబ్రీ లేఖనాల అరమేయ అనువాదం కూడా రెండో వచనం దగ్గర "రాజైన మెస్సీయా" అనే సంబోధిస్తుంది. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టర్ ట్రైఫో అనే యూదుడితో వాదిస్తూ ఈ కీర్తననే ముందుకు తెచ్చాడు.

తొలి సంఘపు బిషప్ అగస్టీన్ దారి వేరు. ఆయన లెక్కలో క్రీస్తు వస్త్రాలంటే ఆయన పరిశుద్ధులు, అంటే సంఘం మొత్తం. అప్పుడు సువాసన ఎవరిది? మనది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 2:15లో పౌలు మనల్ని "క్రీస్తు సువాసన" అనడానికి ఇది దగ్గరగా ఉంది. ఇక 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ ఈ కీర్తన సొలొమోను గురించే మొదట రాసిందని ఒప్పుకుని, సొలొమోను నీడలో క్రీస్తుని చూశాడు. బ్రదర్ గారూ, స్పర్జన్ మాట ప్రకారం కాల్విన్‌ది మెల్లకన్ను అవుతుంది. నాకు మాత్రం కాల్విన్ దారే సబబుగా ఉంది. నిజమైన ఒక రాజు, నిజమైన ఒక పెళ్లి లేకపోతే నీడ పడడానికి మనిషి ఉండడు కదా.

పూర్ణా మార్కెట్ మూలికల కొట్టు | మంగళవారం ఉదయం 7:05

నేను క్రైస్తవుణ్ణి కాదండి. మా నాన్నగారి కొట్టులో కూర్చుంటాను కాబట్టి వస్తువుల సంగతి చెప్పగలను.

బోళం అంటే చెట్టు జిగురు. సోమాలియా, ఇథియోపియా, అరబ్బు దేశాల వైపు పెరిగే ముళ్ల చెట్టు. బెరడు మీద గాటు పెడితే పాలలా కారి, గాలికి గట్టిపడి, ఎర్రటి గోధుమరంగు ముద్దలవుతుంది. పైన సన్నటి పొడి పట్టినట్టుంటుంది. గోటితో విరిస్తే లోపల మెరుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు మందు వాసన, కాసేపటికి తియ్యదనం. నాలుక మీద మాత్రం చేదే, పదినిమిషాల దాకా పోదు. మన గుగ్గులు చెట్టు దీనికి చుట్టమే. బాలింతలకి ఇచ్చే మందుల్లో బోళం వేయడం పాత అలవాటు.

అగరు అస్సాం వైపు నుంచి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కర్ర తెల్లగా, తేలిగ్గా, వాసన లేకుండా ఉంటుంది. చెట్టుకి దెబ్బ తగిలి, అక్కడ బూజు చేరితే, దాన్ని అడ్డుకోవడానికి చెట్టు లోపల నల్లటి జిగురు ఊరుతుంది. ఆ నల్లబడిన కర్రే అగరు. మంచి రకం ధర వింటే గుండె ఆగుతుంది. పట్ట సంగతి మీ వంటింట్లోనే ఉంది. దాల్చినచెక్క పేరుతో మనం కొనే మందపాటి చెక్క చాలావరకు ఆ జాతిదే. చెట్టు నుంచి బెరడు ఒలిచి ఎండబెడితే అదే చుట్టుకుంటుంది.

మీ కీర్తనలో బట్టలన్నిటికీ వాసన అన్నారు కదా. పాతకాలంలో రాజులు బట్టలకి అగరు ధూపం పట్టించడం మన దగ్గరా ఉంది. మా అమ్మ ఇప్పటికీ తలంటుకున్నాక జుట్టుకి సాంబ్రాణి పొగ పట్టిస్తుంది. కాబట్టి పెళ్లి రాజు అనగానే పరిమళం చెప్పడం నాకు వింతగా అనిపించలేదు. సింహాచలంలో అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం తీసి నిజరూపం చూపిస్తారు. విశాఖవాళ్లకి దేవుడికీ సుగంధానికీ ఉన్న సంబంధం వేరే చెప్పాలా.

మర్రిపాలెం బ్రదర్ | మంగళవారం ఉదయం 7:50

అన్నా, మీకు తెలియకుండానే పెద్ద మాట చెప్పారు. గాటు పడితే గోపరసం, దెబ్బ తగిలితే అగరు, ఒలిస్తే పట్ట. మూడూ గాయం నుంచే! మన కోసం ఆయన గాయపడ్డాడని యెషయా 53:5 ఇంకెలా చెప్పాలి? సిస్టర్, మీ ప్రసంగం ఇదే.

గాజువాక చెల్లి | మంగళవారం మధ్యాహ్నం 1:15

కొట్టు అన్నయ్యగారికి చాలా కృతజ్ఞతలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గాయాల మాట చదివి ఒళ్లు జలదరించింది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. కీర్తన రాసిన కోరహు కుమారులు చెట్ల గాయాలు తలుచుకుని రాశారా?

సీబీఎం కాంపౌండ్ మాస్టారు | మంగళవారం సాయంత్రం 6:30

అమ్మా, నీ ప్రశ్న సరైనది, దాన్ని వదలకు. నా మాట ఒకటే. ఎనిమిదో వచనాన్ని ఏడో వచనం నుంచి విడదీసి చదవకు.

"నీవు నీతిని ప్రేమించి దుర్నీతిని ద్వేషించుచున్నావు కావున" అని మొదలుపెట్టి, దేవుడు నిన్ను ఆనందతైలంతో అభిషేకించాడు అంటాడు. ఆ వెంటనే వస్త్రాల పరిమళం. ఆ రోజుల్లో అభిషేకమంటే బొట్టు పెట్టడం కాదు, తల మీద పోసేవారు. 133వ కీర్తనలో అహరోను గడ్డం మీదుగా అంగీల అంచు దాకా దిగిన తైలం చూడు. సాదోకు యాజకుడు సొలొమోనుని గీహోను దగ్గర రాజుగా అభిషేకించినప్పుడు గుడారంలోంచి తైలపు కొమ్ము తెచ్చాడు (మొదటి రాజులు 1:39). ప్రతిష్ఠాభిషేక తైలం ఎలా చేయాలో నిర్గమకాండం 30వ అధ్యాయంలో ఉంది. 500 తులాల గోపరసం, దాంట్లో సగం తూకం దాల్చిన, మళ్లీ 500 తులాల పట్ట, ఒలీవ నూనె. అలాంటిది ఇంట్లో చేసుకుని ఒంటికి రాసుకుంటే జనంలోంచి కొట్టివేయబడతారని కూడా అక్కడే ఉంది. కాబట్టి ఆ తైలపు వాసన వచ్చిందంటే దేవుడు ఏర్పరచినవాడు వస్తున్నాడని అర్థం. అగరు ఆ తైలంలో లేదు, అది పెళ్లి అలంకారం. అభిషేకం, పెళ్లి, రెండు వాసనలూ ఆ బట్టల మీద కలిసి ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. సామెతలు 7:17 తీసి చదువు. అక్కడ వ్యభిచారిణి తన పరుపు మీద చల్లుకున్నవి ఏమిటి? బోళం, అగరు, కారపుచెక్క (అంటే దాల్చినచెక్క). దాదాపు ఇవే సుగంధాలు! ఆదికాండం 27లో యాకోబు తన అన్న ఏశావు బట్టలు వేసుకుని వెళితే తండ్రి ఇస్సాకు ఆ బట్టల వాసన చూసి, ఏశావే అనుకుని దీవించాడు. వాసనతో మోసం కూడా చేయొచ్చు. గోపరసానికి శ్రమ అనీ అగరుకి సమాధి అనీ చీటీలు అంటిస్తే సామెతల్లో ఆ పరుపు దగ్గర ఏం చెబుతాం?

దంతపు నగరులూ అంతే. దంతపు ఇల్లు కట్టించిన రాజు అహాబు (మొదటి రాజులు 22:39). దానికి ముందు అధ్యాయంలోనే నాబోతు ద్రాక్షతోట కోసం ఆ మనిషిని చంపించారు. ఆమోసు ప్రవక్త వచ్చి దంతపు ఇళ్లు నశిస్తాయనీ, దంతపు మంచాల మీద పడుకునేవాళ్లకి శ్రమ అనీ అరిచాడు. అవే దంతాలు, అవే సుగంధాలు. ఈ కీర్తనలో అవి ఎందుకు శోభించాయి? సింహాసనం మీద కూర్చున్నవాడు దుర్నీతిని ద్వేషించాడు కనుక. నాలుగో వచనంలో ఆయన రథం ఎక్కి బయల్దేరింది సత్యం కోసం, వినయంతో కూడిన నీతి కోసం.

గాయం నుంచి సుగంధం అన్న ధ్యానం మంచిదే. ప్రార్థనలో తలుచుకో. కానీ ప్రసంగానికి పునాది ఏడో వచనం మీద వేయి.

ఎంవీపీ విద్యార్థి | మంగళవారం రాత్రి 8:10

మాస్టారూ, మీరన్నది నాకు చాలా నచ్చింది. కానీ ఒక చిక్కుంది. నాలుగో శతాబ్దంలో ఏరియస్ పక్షంవాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఆ "కావున"నే. నీతిని ప్రేమించాడు, కావున అభిషేకం పొందాడు. అంటే మంచి నడతకి బహుమానంగా ఆయన్ని పైకెత్తారు, మొదటి నుంచీ దేవుడు కాడు అని. మీ మాటని అజాగ్రత్తగా చెబితే అక్కడికే పోతుంది.

సీబీఎం కాంపౌండ్ మాస్టారు | మంగళవారం రాత్రి 9:05

మంచిది నాయనా, చెప్పి తీరవలసిన జాగ్రత్తే. ఏరియస్ పక్షాన్ని ఎదిరించిన బిషప్ అతనాసియస్ దీనికి జవాబిచ్చాడు. ఏడో వచనానికి ముందు ఆరో వచనం ఉంది: "దేవా, నీ సింహాసనము నిరంతరము నిలుచును." సింహాసనం అప్పటికే ఆయనది. అభిషేకం వల్ల ఆయన కొత్తగా రాజు అవలేదు. మన శరీరం తీసుకున్నవాడు కనుక యొర్దాను నదిలో బాప్తిస్మం పొందినప్పుడు మన పక్షంగా ఆత్మ అభిషేకం పొందాడు, ఆ పరిమళం మనకి పంచడానికి. ఆయన నీతి మనలా ఇవాళ ఉండి రేపు మారేది కాదు, ఆయన స్వభావమే అది. "నీ తోడివారికంటె" అన్న మాట చూడు. తోడివారు ఎవరు? హెబ్రీ పత్రికలో రెండో అధ్యాయానికే ఆయన మనల్ని సహోదరులని పిలవడానికి సిగ్గుపడలేదని ఉంది.

ఒక పక్క మాట. వాక్యాన్ని తెలుగులో చదవాలన్న పని మొదలైన ఊళ్లలో మనది ఒకటి. లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి ఇక్కడే అనువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు పోయారు. 1812లో సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యే నాటికి ఇద్దరూ లేరు. ఈ కీర్తన మీద మనం తెలుగులో వాదించుకోవడం వెనక అలాంటి ప్రాణాలున్నాయని మా పిల్లలకి ఎప్పుడూ చెబుతుంటాను.

జ్ఞానాపురం గాయకుడు | బుధవారం ఉదయం 6:20

అభిషేకం మాట వచ్చింది కాబట్టి మా కతోలిక సంప్రదాయం చెబుతాను. పవిత్ర వారంలో పీఠాధిపతి (బిషప్) గారు పీఠం గురువులందరితో కలిసి పూజ చేసి, ఆ ఏడాదికి కావలసిన పవిత్ర తైలాలు ఆశీర్వదిస్తారు. వాటిలో క్రిస్మా అనే తైలంలో ఒలీవ నూనెకి సుగంధం కలుపుతారు. జ్ఞానస్నానంలో, భద్రమైన అభ్యంగనంలో (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం), గురుపట్టాభిషేకంలో అదే వాడతారు. జ్ఞానస్నానం తరవాత పసిబిడ్డ తల ముద్దుపెట్టుకుంటే ఆ వాసన వస్తుంది. ఏడో వచనంలో ఆనందతైలం అంటే నాకు వెంటనే తట్టేది అదే.

ఇంకొకటి. ఆగస్టు 15, మరియమ్మ మోక్షారోపణ పండుగ నాడు మేము పాడే కీర్తన ఇదే. "రాణి ఓఫీరు అపరంజితో" అన్న వచనం ఆ రోజు గుడిలో పాడుతుంటే రాణి ఎవరన్న సందేహం మాలో ఎవరికీ రాదు.

మర్రిపాలెం బ్రదర్ | బుధవారం ఉదయం 8:00

బ్రదర్, గౌరవంగానే చెబుతున్నాను, ఇక్కడ కలవలేను. పెళ్లికొడుకు క్రీస్తు అయితే పెళ్లికూతురు సంఘం. ఎఫెసీ 5, ప్రకటన 19 రెండూ అదే చెబుతున్నాయి.

జ్ఞానాపురం గాయకుడు | బుధవారం ఉదయం 8:35

సంఘం అనే మేమూ అంటాం. సంఘంలో మొదటి విశ్వాసి ఆ తల్లి కాబట్టి ఆమెలో సంఘాన్ని చూస్తాం. ఒకటి ఒప్పుకుంటే ఇంకొకటి కొట్టివేయాలని లేదు. దీని మీద పోట్లాట వద్దు, చెల్లిగారి శనివారానికి పనికొచ్చేది మాట్లాడుకుందాం.

భీమిలి అక్క | బుధవారం మధ్యాహ్నం 2:45

రాణి మాట వచ్చింది కాబట్టి నా మనసులో ఉన్నది చెప్పేస్తాను. పదో వచనం: "కుమారీ, ఆలకించుము... నీ స్వజనమును నీ తండ్రి యింటిని మరువుము." నా పెళ్లిలో అయ్యగారు ఈ వచనం తీసి, ఇక నీకు పుట్టిల్లు లేదమ్మా అన్నారు. అవతల మా నాన్న కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ తరవాత అత్తవారింట్లో పుట్టింటికి వెళతానన్నప్పుడల్లా వాక్యం గుర్తుచేసేవారు. మా అమ్మ జబ్బు పడ్డప్పుడు కూడా.

ఇది విదేశం నుంచి వచ్చిన రాకుమార్తెకి ఆస్థాన కవి చెప్పిన మాట. ఆమె తండ్రి ఇంటితో పాటు వచ్చేవి వేరే దేవుళ్లు, వేరే రాజకీయం. క్రైస్తవులు దాన్ని సంఘానికి చెప్పిన మాటగా చదివినప్పుడు, మరువవలసింది పాత పాపపు బతుకు. అలా చదివితే ఆ వచనం మగవాళ్లకీ వర్తిస్తుంది, పీటల మీదున్న పెళ్లికొడుక్కీ వర్తిస్తుంది. పరిమళం దగ్గరికి వచ్చేసరికి ఆత్మీయ అర్థం చెప్పి, పుట్టిల్లు దగ్గరికి వచ్చేసరికి అక్షరార్థం చెప్పడం న్యాయం కాదు. గాజువాక చెల్లీ, నీ ముందు కూర్చునేది ఆడవాళ్లు. వాళ్లలో నాలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. ఎనిమిదో వచనంతో ఆపేసి ఇంటికి పంపకు.

సీబీఎం కాంపౌండ్ మాస్టారు | బుధవారం సాయంత్రం 5:10

తల్లీ, నీకు చెప్పిన తీరు తప్పు. అదే బైబిల్లో మొదటి పెళ్లి దగ్గర తల్లిదండ్రుల్ని విడిచేది పురుషుడు (ఆదికాండం 2:24). తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞ పెళ్లితో రద్దు కాలేదు. జబ్బు పడ్డ తల్లి దగ్గరికి వెళ్లనీయకుండా ఈ కీర్తన అడ్డుపెడితే, అది దుర్నీతిని ద్వేషించే రాజు పేరు మీద చేసిన దుర్నీతి. అమ్మాయి ఈ మాట శనివారం చెప్పాలి.

ఎంవీపీ విద్యార్థి | బుధవారం రాత్రి 9:30

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పన్నెండో వచనంలో తూరు కుమార్తె కానుకతో వస్తుంది. తూరు, దంతం రెండూ ఉన్నాయి కాబట్టి ఇది అహాబుకీ, తూరు ప్రాంతం నుంచి వచ్చిన అతని రాణి యెజెబెలుకీ పెళ్లి పాట కావచ్చని కొందరు పండితులు అన్నారు. నాకు అది నమ్మబుద్ధి కావడం లేదు, సొలొమోనుకీ దంతపు సింహాసనం ఉంది. కానీ దంతపు నగరులంటే కవి ఊహ మాత్రం కాదని తేలింది. 1930లలో అహాబు రాజధాని సమరయ తవ్వకాల్లో చెక్కిన దంతపు పలకలు చాలా దొరికాయి, గోడలకీ సామానుకీ పొదిగినవి. యెరూషలేములో దావీదు పట్టణం దగ్గర దొరికిన దంతపు ముక్కల గురించి 2022లో ప్రకటించారు. ఓఫీరు బంగారం సంగతీ అంతే. ఇశ్రాయేలులోని టెల్ కసీలె తవ్వకాల్లో దొరికిన పెంకు మీద "ఓఫీరు బంగారం, 30 తులాలు" అని లెక్క రాసి ఉంది. కవి తన కాలంలో కళ్లతో చూసిన వైభవాన్నే రాశాడు.

మర్రిపాలెం బ్రదర్ | బుధవారం రాత్రి 10:15

మాస్టారి మాట నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. సామెతలు 7:17 నేను ఎప్పుడూ ఈ కీర్తన పక్కన పెట్టి చూడలేదు. పునాది ఏడో వచనమే, కాదనను. అయితే నికోదేముని మాత్రం నేను వదలను. గ్రీకు మూలంలో ఉన్నది 100 లిత్రాలు, అంటే ఇంచుమించు 33 కిలోలు. బేతనియ ఊరి మరియ ఆయన పాదాలకి పూసింది ఒక్క లిత్రా అత్తరు. దానికే 300 దేనారాలు అన్నారు, ఇంచుమించు ఏడాది కూలి. సామాన్యుడి సమాధికి 33 కిలోల సుగంధం ఎవరూ తేరు, అది రాజుకి చేసే మర్యాద. పైన పిలాతు పెట్టించిన పలక మీద కూడా యూదుల రాజు అనే ఉంది. నికోదేము ఈ కీర్తన తలుచుకున్నాడో లేదో నేను చెప్పలేను. కానీ సైనికులు వస్త్రాలు పంచుకుని పోయాక, వస్త్రం లేని ఆ రాజుకి బోళం, అగరు కలిపి నారబట్టలు చుట్టాడు. దుర్నీతిని ద్వేషించినందుకే ఆయన్ని చంపారు కదా. ఏడో వచనం మీద నిలబడే ఈ మాట చెప్పొచ్చు.

సీబీఎం కాంపౌండ్ మాస్టారు | బుధవారం రాత్రి 10:40

చెప్పొచ్చు. ఈ రూపంలో చెబితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

గాజువాక చెల్లి | గురువారం రాత్రి 8:50

అందరివీ రాసుకున్నాను. మొదలు ఆరు, ఏడు వచనాలు, తరవాత సామెతల్లో పరుపు, అహాబు ఇల్లు, ఆ తరవాతే వస్త్రాల పరిమళం, నికోదేము. చివరి పది నిమిషాలు పూర్తిగా పదో వచనానికి. భీమిలి అక్కా, పేరు లేకుండా మీ మాట చెబుతాను, పరవాలేదా?

ఇవాళ పూర్ణా మార్కెట్‌కి వెళ్లి బోళం, పట్ట తెచ్చాను. అగరు చిన్న పుల్లంత దొరికింది. బోళం ముక్క నాలుక మీద వేసుకున్నాను, కొట్టు అన్నయ్య చెప్పింది నిజమే, మజ్జిగ తాగినా చేదు పోలేదు. శనివారం హాల్లో నిప్పుల మీద వేసి అందరికీ వాసన చూపించాలని ఉంది. కానీ మాలో ఇద్దరికి ఆయాసం ఉంది, హాలుకి కిటికీలు తక్కువ. ఏం చేయమంటారు?

భీమిలి అక్క | గురువారం రాత్రి 9:10

పేరు పెట్టి చెప్పినా పరవాలేదు.

పూర్ణా మార్కెట్ మూలికల కొట్టు | గురువారం రాత్రి 9:25

పొగ వేయకండమ్మా, ఆయాసం ఉన్నవాళ్లకి ఇబ్బంది. బోళాన్ని కచ్చాపచ్చాగా దంచి, రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లు చిలకరించి, పింగాణీ సాసరులో పెట్టి వరసగా చేతికి అందించండి. స్టీలు గిన్నెకి జిగురు పట్టుకుంటే వదలదు. అగరు పుల్లని అరచేతిలో గట్టిగా రుద్దితే చాలు, ఆ వేడికే వాసన వస్తుంది. పట్ట అప్పటికప్పుడు విరవండి. మూడూ ఒకే పళ్లెంలో పెట్టొద్దు, బోళం వాసన మిగతా రెండిటినీ మింగేస్తుంది. ఇంకా అగరు కావాలంటే శుక్రవారం సాయంత్రం కొట్టుకి రండి, ఒక ముక్క తీసి పెడతాను, డబ్బులొద్దు.

గాజువాక చెల్లి | గురువారం రాత్రి 9:40

వస్తాను అన్నయ్యగారూ, ఆరింటికల్లా వస్తాను.